రిపోర్టు బాగుంది, నాకే బాగలేదు

"నార్మల్" అన్న మాట వింటే ఎవరికైనా ఊరట కలగాలి. కానీ కర్నూలులోనో కడపలోనో ల్యాబు బయట బెంచీ మీద కూర్చుని, ఆ మాట విన్నాక కొంగుతో కళ్ళు తుడుచుకునే ఆడవాళ్ళు ఉంటారు. నెలల తరబడి నీరసం. దువ్వెన నిండా ఊడిన జుట్టు. తినేది గుప్పెడే అయినా ఒళ్ళు బరువెక్కుతోంది, నెలసరి గతి తప్పింది. పక్కింటి అక్క "ఇది థైరాయిడే, నాకూ అచ్చం ఇట్లే ఉండె" అని తేల్చేసింది. ఆలూరు నుంచో పత్తికొండ నుంచో తెల్లవారకముందే బస్సెక్కి, ఆ రోజు కూలి పోగొట్టుకుని, పరీక్షకు డబ్బు కట్టి సాయంత్రం దాకా కాచుకుంటే చేతికొచ్చిన కాగితంలో అంకె నార్మల్. డాక్టరు "ఏం లేదమ్మా, పోయి రా" అన్నారు. ఇంటికొస్తే "నేను ముందే చెప్పలే, అంతా నీ మనసేనని" అన్నారు.

ఆ రాత్రి ఆమెకు రెండే దారులు కనబడతాయి. నోరు మూసుకుని బాధను దిగమింగడం ఒకటి. ఎవరైనా థైరాయిడ్ మాత్ర రాసిచ్చేదాకా ఆసుపత్రులు మారడం ఇంకొకటి. ఈ అధ్యాయం మూడో దారి గురించి. మీ బాధ నిజం, రిపోర్టూ నిజం. ఆ కాగితం తనను అడిగిన ఒక్క ప్రశ్నకే జవాబిచ్చింది. మిగిలిన ప్రశ్నలేమిటో, వాటిని ఎవరి దగ్గర ఎట్లా అడగాలో ఇప్పుడు చూద్దాం.

మేస్త్రీ కేక, కూలీ పని

గొంతు ముందు సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథిని కూలీ అనుకోండి. మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి మేస్త్రీ. కూలీ పని మందగిస్తే మేస్త్రీ గట్టిగా కేకలేస్తాడు, పని మితిమీరితే గొంతు తగ్గిస్తాడు. ఆ కేక పేరే టీఎస్‌హెచ్. కూలీ చేసే పని టీ4, టీ3 అనే హార్మోన్లు. చాలామందికి మొదట చేసేది టీఎస్‌హెచ్ ఒక్కటే, అంటే మేస్త్రీ గొంతును బట్టి కూలీ పనిని అంచనా కట్టడం. ఎక్కువమంది విషయంలో ఈ అంచనా సరిగ్గానే ఉంటుంది, అందుకే ఆ పరీక్షకు అంత విలువ.

కాగితం మీద పక్కనే అచ్చయ్యే "నార్మల్" హద్దులు, ఇంచుమించు 0.4 నుంచి 4 లేదా 4.5 దాకా, ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది అంకెలు ఎక్కడ పడతాయో చూసి గీసిన గీతలు. ల్యాబును బట్టి అవి కొంచెం మారతాయి. ఆ పెద్ద పరిధిలో ఒక్కో మనిషిదీ ఒక్కో చోటు, తన చోటు నుంచి మనిషి పెద్దగా కదలదు. మూడేళ్ళ కిందట 1 ఉన్న టీఎస్‌హెచ్ ఇప్పుడు 4కు చేరితే రెండు కాగితాల మీదా "నార్మల్" అనే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితేనే డాక్టరు ఆ కదలికను గమనించగలరు. కాబట్టి పాత రిపోర్టులు పారేయకండి. అన్నీ ఒకే కవర్లో, తేదీల వరుసలో దాచండి. మీకు మీరు చేసుకోగల మొదటి సాయం ఇదే.

కాగితం తప్పుదారి పట్టించే వేళలు

ఈ కిందివాటిలో మీకు వర్తించేది ఏదైనా ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

రక్తం ఇచ్చిన వేళ: టీఎస్‌హెచ్ రాత్రి నుంచి తెల్లవారేదాకా ఎక్కువగా ఉండి, మధ్యాహ్నానికి తగ్గుతుంది. పల్లె నుంచి బస్సులో వచ్చి, చీటీ తీసుకుని, డాక్టరును చూసి, రెండు గంటలకు రక్తం ఇచ్చేవాళ్ళ అంకె పొద్దున ఇచ్చే అంకె కంటే తక్కువ రావచ్చు. అంచున ఉన్నవాళ్ళకు ఆ కాస్త తేడాయే "ఎక్కువ"ను "నార్మల్"గా మార్చేస్తుంది. మళ్ళీ చేయించేటప్పుడు పొద్దున్నే, పరగడుపున, ప్రతిసారీ అదే వేళకు, వీలైతే అదే ల్యాబులో ఇవ్వండి.

జుట్టు మాత్రలు: జుట్టు రాలుతోందని మందుల షాపులో కొనుక్కునే మాత్రల్లో బయోటిన్ ఎక్కువగా ఉంటుంది. కొన్ని ల్యాబు యంత్రాల్లో అది లెక్కను తారుమారు చేస్తుంది, టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపించగలదు. పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపాలి. మోతాదు ఎక్కువైతే ఇంకా ముందే ఆపాలేమో డాక్టరును అడగండి.

గర్భం: కడుపుతో ఉన్నవాళ్ళకు, ముఖ్యంగా మొదటి నెలల్లో, హద్దులు వేరు. కాగితం మీద అచ్చయిన గీతలు వాళ్ళవి కావు. నెల తప్పిందన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి.

గొంతు వాపు: హార్మోన్ల లెక్క సరిగ్గా ఉండి కూడా గ్రంథిలో గడ్డ ఉండవచ్చు. రక్తపరీక్ష గడ్డను చూడలేదు, దానికి స్కానింగ్ కావాలి, అవసరమైతే సూదితో తీసి చూసే పరీక్ష కావాలి. గొంతు ముందు వాపు పెరుగుతున్నా, గట్టిగా తగిలినా, గొంతు బొంగురు పోయి తగ్గకపోయినా, ముద్ద దిగడం కష్టమైనా "రిపోర్టు నార్మల్" అన్న ధీమాతో ఆగిపోవద్దు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరూ అడగక మరుగున పడిపోయేది, మేస్త్రీయే జబ్బుపడటం. కాన్పులో ఒక తల్లికి విపరీతంగా రక్తం పోతే పిట్యూటరీకి రక్తం అందక అది దెబ్బతినవచ్చు. హెరాల్డ్ షీహాన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1937లో దీన్ని వివరంగా రాశాడు. ఆయన పేరుతోనే దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. బిడ్డ పుట్టాక పాలు పడవు. నెలసరి తిరిగి రాదు. చంకల్లో వెంట్రుకలు రాలిపోతాయి. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. ఏళ్ళ తరబడి నిస్సత్తువ. ఇంట్లోవాళ్ళు "కాన్పు తర్వాత మనిషే మారిపోయింది" అంటారు. ఇక్కడ కూలీ పని ఆగిపోయినా కేక పెట్టే బలం మేస్త్రీకే లేదు. టీఎస్‌హెచ్ నార్మల్‌గా కనబడవచ్చు. ఫ్రీ టీ4 కూడా చేస్తేనే అది తక్కువగా ఉందని బయటపడుతుంది. ఇటువంటివాళ్ళకు కార్టిసాల్ అనే ఇంకో హార్మోను కూడా లోపించి ఉండవచ్చు. దాన్ని సరిచేయకుండా ముందు థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే ప్రాణం మీదికి వస్తుంది. మీకో, మీ అమ్మకో, అక్కకో కాన్పులో రక్తం ఎక్కించాల్సి వచ్చి, ఆ తర్వాత పాలు పడకపోయి ఉంటే, పదేళ్ళు గడిచినా సరే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. చాలాసార్లు ఆయన అడగరు, ఈమెకు చెప్పాలని తెలియదు.

అదే బాధ, వేరే కారణం

పైవేవీ మీకు వర్తించకపోతే, చాలామందికి వర్తించవు కూడా, థైరాయిడ్ బాగుందన్న మాట నమ్మండి. నమ్మి, వెతుకులాటను ఇంకోవైపు తిప్పండి.

హైదరాబాదుతో సహా 8 నగరాల్లో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో పెద్దవాళ్ళలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగించినట్టు తేలింది. కాబట్టి పక్కింటి అక్క అనుమానం ఊరికే పుట్టింది కాదు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. నూటికి 11 ఒకవైపు, దాదాపు 59 ఒకవైపు. నీరసం, జుట్టు రాలడం, ఆయాసం, గుండె దడ, చలి, చిరాకు అన్నీ రక్తహీనతలోనూ ఉంటాయి. కాబట్టి థైరాయిడ్ తర్వాత అడగాల్సిన మొదటి ప్రశ్న "నా రక్తం ఎంతుంది సార్?" హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే రక్తహీనత, గర్భిణులకు 11 కంటే తక్కువైతే. హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటి ఉండవచ్చు, అది ఫెర్రిటిన్ పరీక్షలో తెలుస్తుంది. నెలసరిలో ఎక్కువగా పోతోందా, మొలల్లో రక్తం పడుతోందా అన్నది సిగ్గుపడకుండా చెప్పాలి. మాత్ర ఇచ్చి పంపితే చాలదు, రక్తం ఎక్కడ పోతోందో తేలాలి.

బి12 తగ్గితే కాళ్ళు చేతులు తిమ్మిర్లెక్కుతాయి, మతిమరుపు వస్తుంది. మాంసం, గుడ్డు, పాలు దాదాపు ముట్టనివాళ్ళకు, ఏళ్ళ తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకు ఇది ఎక్కువ. షుగరు ఉన్నా ఒళ్ళు నీరసిస్తుంది. డి విటమిన్ తగ్గితే ఒళ్ళునొప్పులు. ఇంత ఎండలోనూ అది తగ్గుతుందా అంటే, ఒళ్ళంతా కప్పుకుని నడిచేవాళ్ళకు, రోజంతా నీడపట్టున పనిచేసేవాళ్ళకు తగ్గుతుంది. నలభై దాటినవాళ్ళకు నెలసరి ఆగిపోయే ముందు ఏళ్ళలో నిద్రపట్టకపోవడం, ఒంట్లో ఆవిర్లు, బరువు పెరగడం మామూలు. రాత్రి గట్టిగా గురకపెట్టి, పొద్దున లేచేసరికి తల బరువుగా ఉంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బును అనుమానించాలి.

మన నేలకు ప్రత్యేకమైనది ఇంకొకటి ఉంది. రాయలసీమలో కొన్ని పల్లెల్లో బోరునీటిలో ఫ్లోరైడ్ హద్దు మీరి ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే నడుము బిగుసుకుంటుంది, కీళ్ళు పట్టేస్తాయి, పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు వస్తాయి. మన దేశంలో మనుషుల ఎముకల్లో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఒళ్ళునొప్పులు మీ ఒక్కరికే కాక వీధిలో నలుగురికి ఉంటే డాక్టరు కంటే ముందు నీళ్ళను పరీక్షించాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో ఆ పని చేస్తారు.

మనసు కుంగినా ఒళ్ళు ఇట్లాగే అయిపోతుంది. పంట ఎండి, అప్పు పెరిగి, బిడ్డలు దూరదేశం పోయి, రాత్రులు నిద్రలేక గడిపే మనిషికి కాళ్ళు పీకడం, ఆకలి చావడం, దేని మీదా ఆశ లేకపోవడం వస్తాయి. ఇది డిప్రెషన్. వైద్యం ఉన్న జబ్బు. "అంతా నీ మనసే" అని తోసేసేవాళ్ళు ఒక జబ్బు పేరు చెప్పి వైద్యం వద్దన్నట్టే. రెండు వారాలకు మించి ఇట్లా ఉంటే 14416 టెలీమానస్ నంబరుకు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే ఆ రోజే చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

మాత్ర వాడుతున్నా తగ్గనివాళ్ళకు

ఇంకొందరిది వేరే కథ. థైరాయిడ్ ఉందని ఎప్పుడో తేలింది, మాత్ర వేసుకుంటున్నారు, టీఎస్‌హెచ్ నార్మల్‌కు వచ్చింది, నీరసం పోలేదు. వీళ్ళూ పైన చెప్పిన కారణాలన్నీ చూపించుకోవాలి. దాంతోపాటు మాత్ర ఎట్లా వేసుకుంటున్నారో ఒకసారి చూసుకోవాలి. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా టీ, కాఫీ, టిఫిను ఏదీ ముట్టకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. మూడూ కలిపి మింగేస్తే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా అందదు. మోతాదు మార్చాక 6 నుంచి 8 వారాలకు గానీ అసలు ఫలితం తెలియదు, పదిరోజులకే పరీక్ష చేయించి దిగులుపడొద్దు. పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర.

వేసవిలో ఇంకో జాగ్రత్త. సీసా మీద 25 లేదా 30 డిగ్రీలకు మించని చోట ఉంచమని రాసి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్ళలో రేకుల కింద, పొయ్యి పక్కన, కిటికీలో ఎంత వేడి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో, తేమ తగలకుండా, అసలు సీసాలోనే మూత బిగించి పెట్టండి.

"ఊరికే మాత్ర వేసుకుని చూస్తే పోలే?"

ఈ ప్రశ్న నాకు అర్థమవుతుంది. బాధలో ఉన్న మనిషికి ఏదో ఒక మందు కావాలి. కానీ ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్ళు ఉన్నారు. లక్షణాలుండి, పరీక్షలు నార్మల్‌గా ఉన్నవాళ్ళకు స్కాట్లండు వైద్యులు కొన్ని వారాలు థైరాక్సిన్, కొన్ని వారాలు ఉత్తుత్తి మాత్ర, ఏది ఏదో చెప్పకుండా ఇచ్చారు. 2001లో వచ్చిన ఆ ఫలితంలో థైరాక్సిన్ ఉత్తుత్తి మాత్ర కంటే మేలు చేయలేదు. అవసరం లేని థైరాక్సిన్‌తో గుండె లయ తప్పవచ్చు, ఎముకలు పలచబడవచ్చు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. మాత్ర మొదలైన రోజు నుంచి అందరూ "థైరాయిడ్‌కు వాడుతోందిలే" అంటారు. అసలు కారణాన్ని వెతకడం అక్కడితో ఆగిపోతుంది.

యాంటీ టీపీవో అనే పరీక్ష పాజిటివ్ వచ్చి, టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంటే భయపడనక్కర్లేదు. ఇంగ్లండులోని విక్‌హామ్‌లో 20 ఏళ్ళు గమనించినప్పుడు ఇటువంటి ఆడవాళ్ళలో ఏటా నూటికి సుమారు ఇద్దరికి థైరాయిడ్ మందగించింది. అంటే ఇప్పటికి మందు అక్కర్లేదు, ఏడాదికోసారి పరీక్ష కావాలి. ఇటువంటివాళ్ళు గర్భం కోసం చూస్తుంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

ఒక్క కాగితం

డాక్టరు గదిలో మీకు దొరికేది అయిదు నిమిషాలు. బయట యాభైమంది. ఆ అయిదు నిమిషాల్లో "నీరసంగా ఉండాది సార్" అంటే ఆయన రోజుకు వందసార్లు విన్న మాటే అవుతుంది. అందుకని ముందే ఒక కాగితం రాసుకోండి. రాయడం రాకపోతే బిడ్డతోనో, ఆశా కార్యకర్తతోనో రాయించుకోండి. అందులో అయిదు విషయాలు చాలు.

1. ఎప్పటి నుంచి: "సంక్రాంతి నుంచి", "రెండో కాన్పు తర్వాత".
2. ఏ పని చేయలేకపోతున్నారు: మునుపు ఎంత, ఇప్పుడెంత.
3. నెలసరి, కాన్పులు, పోయిన రక్తం, పాలు పడ్డాయా లేదా.
4. వేసుకునే ప్రతి మందు: షాపులో అడిగి కొన్నవి, నాటుమందులు, జుట్టు మాత్రలు అన్నీ.
5. ఇంట్లో అమ్మకు, అక్కాచెల్లెళ్ళకు, జేజికి థైరాయిడ్, షుగరు ఉన్నాయా.

రెండో విషయమే డాక్టరును ఆపి వినేట్టు చేస్తుంది. "మునుపు పొద్దుగూకేదాకా పత్తి తీసేదాన్ని సార్, ఇప్పుడు రెండు సాళ్ళు పోతానే కూలబడతాండా" అంటే అది కొలత. అట్లాగే కర్నూలు మే నెలలో చలి అని ఎవరూ అనరు, డాక్టరూ అడగరు. అందరూ ఫ్యాను కిందికి చేరితే మీరొక్కరే దుప్పటి వెతుక్కుంటుంటే అది రాయండి.

ఇక "థైరాయిడ్ నార్మల్‌గానే ఉందమ్మా" అన్నప్పుడు లేచి వచ్చేయకండి. వాదించనూ వద్దు. ఇట్లా అనండి: "సంతోషం సార్. అయితే నా నీరసానికి ఇంకేం కారణం ఉండొచ్చో చూడండి. రక్తం, షుగరు, బి12 చూశారా సార్? ఫ్రీ టీ4 చేయాల్సిన అవసరం ఉందా?" మాత్ర అడిగితే డాక్టరు ఇవ్వడమో మానడమో చేస్తారు. కారణం అడిగితే ఆలోచిస్తారు. ఒంటరిగా మాట్లాడటానికి జంకైతే మీ మాట నమ్మే ఒకరిని తోడు తీసుకుపోండి.

ఎక్కడ మొదలుపెట్టాలి

వేలూరు పోదామని కాట్పాడి రైలెక్కే ముందు దగ్గర్లో చేయాల్సినవి ముగించండి. హిమోగ్లోబిన్, షుగరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చూస్తారు. ఈ-సంజీవనిలో ఫోన్ ద్వారా ఉచితంగా డాక్టరుతో మాట్లాడవచ్చు. ఆ తర్వాత జనరల్ మెడిసిన్ డాక్టరు. 1956లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి, 2006లో వచ్చిన కడప రిమ్స్ ఇందుకు ఉన్నవే. పిట్యూటరీ అనుమానమో, అంతుచిక్కని అంకెలో ఉంటే హార్మోన్ల వైద్యుడు, అంటే ఎండోక్రైనాలజిస్టు కావాలి. తిరుపతి స్విమ్స్‌లో, వేలూరు సీఎంసీలో ఆ విభాగాలున్నాయి. ఎక్కడికి పోయినా కవరు మీ చేతిలో ఉండాలి. ప్రతి కొత్త డాక్టరు దగ్గరా కథ మొదటికొస్తే డబ్బూ ఓపికా రెండూ కరిగిపోతాయి.

ఛాతీలో నొప్పి, పడుకున్నా ఆయాసం, స్పృహ తప్పడం, నల్లటి విరేచనం కనబడితే ఇవేవీ చూసుకుంటూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి.

ఇంట్లోవాళ్ళకు ఒక్క మాట. మీ భార్యో, కోడలో, అమ్మో రిపోర్టుతో తిరిగొచ్చినప్పుడు "ఏం లేదంట కదా" అనకండి. "థైరాయిడ్ కాదంట, మరి ఏందో కనుక్కుందాం" అనండి. ఆమెకు తోడున్నామన్న ధైర్యం ఆ మాటతో వస్తుంది.

ఈ వారం పని

ఇంట్లో ఉన్న రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక కవర్లో పెట్టండి. అయిదు విషయాల కాగితం రాయండి. కిందటిసారి రక్తం ఏ వేళకు ఇచ్చారో, అప్పుడు జుట్టు మాత్రలు వాడుతున్నారో గుర్తుచేసుకుని దాని మీదే రాయండి. హిమోగ్లోబిన్ ఆరు నెలల్లో చూపించుకోకపోతే చూపించుకోండి. ఈసారి డాక్టరు గదిలోంచి లేచే ముందు చివరి ప్రశ్న ఒకటి అడగండి: "మళ్ళీ ఎప్పుడు రావాలి సార్? ఏం మారితే అంతకంటే ముందే రావాలి?" ఆ జవాబును అక్కడే, ఆ కాగితం మీదే, తేదీతో సహా రాయించుకోండి.